రేవులో దిగిన వీటో, తూములో పాకిన ఎన్రికే

అమెరికాలో వలసల మీద వాదన ఎక్కడ మొదలైనా కాసేపటికి మధ్యలోకి ఒక తాత వచ్చి కూర్చుంటాడు. ఇటలీ తాతో, ఐర్లండ్ ముత్తాతో, పోలండ్ నుంచి వచ్చిన అమ్మమ్మో. ‘మావాళ్లు చట్టప్రకారం వచ్చారు, వీళ్లలా దొంగదారిన రాలేదు’ అంటాడు మనవడు. ‘వలస వచ్చినవాళ్ల ఇంట పుట్టి తలుపెలా మూస్తావయ్యా’ అంటాడు అవతలివాడు. ఇద్దరికీ సాక్షి ఆ తాతే. ఆయన పోయి చాలాకాలమైంది కాబట్టి ఎవరేం చెప్పించినా చెబుతాడు.

ఆ తాతను దగ్గర నుంచి చూడాలనుకునేవారు రెండు సినిమాలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకటి ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా 1974లో తీసిన ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం. దాని గురించి మన పాఠకులకు పరిచయం అక్కర్లేదు. రెండోది గ్రెగరీ నావా 1983లో తీసిన ‘ఎల్ నోర్తే’. ఇది మనవాళ్లు అంతగా చూసినట్టు లేదు. కొప్పోలా ఇటలీ నుంచి వెళ్లినవాళ్ల మనవడు. నావా మెక్సికో సరిహద్దుకు ఆనుకునే ఉన్న శాన్ డియేగోలో మెక్సికన్ మూలాలున్న ఇంట పుట్టాడు. ఇద్దరూ సొంతవాళ్ల కథే చెప్పారు. అయితే ఒకరిది వచ్చి కుదురుకున్నవాళ్ల కథ, ఇంకొకరిది ఇంకా వస్తున్నవాళ్ల కథ.

రెండు కథలూ ఒకే రకం చావుతో మొదలవుతాయి. 1901లో సిసిలీలోని కోర్లియోనెలో వీటో అనే తొమ్మిదేళ్ల పిల్లవాడి తండ్రిని ఊరి మాఫియా పెద్ద చంపిస్తాడు. శవయాత్రలోనే అన్న పోతాడు. చిన్నవాణ్ణయినా వదిలేయమని అడగబోయిన తల్లిని పిల్లవాడి కళ్లెదుటే కాల్చేస్తారు. ఊరివాళ్లు అతణ్ణి దాచి ఓడ ఎక్కిస్తారు. ‘ఎల్ నోర్తే’లో ఆ ఊరు గ్వాటెమాలా కొండల్లో ఉంటుంది. కాఫీ తోటల్లో కూలీలను కూడగట్టిన ఆర్తూరో అనే మాయా రైతును సైనికులు చంపి తల చెట్టుకు వేలాడదీస్తారు. తల్లిని పట్టుకుపోతారు, ఆమె మళ్లీ కనిపించదు. మిగిలింది కొడుకు ఎన్రికే, కూతురు రోసా. ఊళ్లో వాళ్ల గాడ్‌మదర్ ఏళ్ల తరబడి ‘గుడ్ హౌస్‌కీపింగ్’ పాత సంచికలు తిరగేస్తూ ఉత్తరదేశంలో పేదవాడి ఇంట్లో కూడా కరెంటు, ఫ్లష్ టాయిలెట్ ఉంటాయని చెబుతుంటుంది. దాచుకున్న డబ్బు ఇచ్చి వాళ్లను సాగనంపేదీ ఆమే.

ఇంతవరకూ రెండు కథల్నీ ఒకదాని మీద ఒకటి పరిచినా పెద్దగా తేడా కనిపించదు. తేడా అంతా గుమ్మం దగ్గరుంది.

వీటో దిగింది న్యూయార్క్ రేవులోని ఎల్లిస్ దీవిలో. కొప్పోలా ఆ దృశ్యాన్ని ఇటలీలోని త్రియెస్తేలో, పాత చేపల మార్కెట్లో తీశాడు. ఆ విశాలమైన హాలు, బెంచీల మీద వందల మంది, మెడలో చీటీలు, డాక్టర్లు, దుబాసీలు చూస్తుంటే ఒక దేశం మనుషుల్ని తూకం వేసి లోపలికి తీసుకుంటున్నట్టే ఉంటుంది. వీటోకు మశూచి ఉందని తేల్చి మూడు నెలలు విడిగా ఉంచుతారు. చిన్న గదిలో కుర్చీ మీద కూర్చుని, కిటికీలోంచి స్వేచ్ఛా విగ్రహాన్ని చూస్తూ సన్నగా పాడుకుంటాడు. అంత దుఃఖంలోనూ ఆ సన్నివేశంలో ఒక గౌరవం ఉంది. రాజ్యం అతణ్ణి చూసింది, పేరు రాసుకుంది, జబ్బు తగ్గేదాకా ఉంచుకుని తర్వాత తలుపు తీసింది.

ఎన్రికే, రోసాలను ఏ రాజ్యమూ చూడదు. చూస్తే పట్టుకుంటుంది. తిహువానా దగ్గర మొదటిసారి దాటబోయినప్పుడు దాటిస్తానన్నవాడే దోచుకుంటాడు, సరిహద్దు పోలీసులు పట్టుకుంటారు. మేం మెక్సికన్లమేనని ఒట్టేసి చెప్పి వాళ్లు గ్వాటెమాలాకు కాకుండా తిహువానాకే వెనక్కి వెళతారు. ప్రాణం నిలబెట్టిన అబద్ధం అది. రెండోసారి, వాడకంలో లేని మురుగు తూములో మోకాళ్ల మీద పాకుతారు. ఎలుకల గుంపు మీద పడుతుంది. ఆ సన్నివేశాన్ని నావా సాగదీశాడు, చూసేవాడికి ఒళ్లు జలదరించేదాకా సాగదీశాడు. అవతలి చివర తేలి నిలబడితే కింద శాన్ డియేగో దీపాలు. రోసా చివరికి చనిపోయేది ఆ ఎలుకకాట్ల వల్ల వచ్చిన టైఫస్ జ్వరంతోనే. ప్రవేశ రుసుము ఆమె వాయిదాల మీద కట్టినట్టయింది.

ఇక్కడ ‘మా తాత చట్టప్రకారం వచ్చాడు’ అనే వాక్యాన్ని పట్టి చూడాలి. అది అబద్ధం కాదు. 1901లో ఇటలీ నుంచి వచ్చేవాడికి వీసా అక్కర్లేదు, ఇంతమందే రావాలన్న లెక్కా లేదు. అంటురోగం, మతిస్థిమితం లేకపోవడం, నేరచరిత్ర, ప్రభుత్వానికి భారమవుతాడన్న అనుమానం, ముందే కుదుర్చుకున్న కూలి ఒప్పందం లాంటివి ఉంటే వెనక్కి పంపేవారు. 1892 నుంచి 1954 దాకా ఆ దీవి మీదుగా కోటీ ఇరవై లక్షల మంది వచ్చారు, తిప్పి పంపినవాళ్లు నూటికి ఇద్దరు. చట్టాన్ని మీరాలంటే ముందు చట్టం అడ్డుపడాలి కదా. యూరప్‌వాడికి అప్పట్లో అది పెద్దగా అడ్డుపడలేదు. చైనావాడికి 1882లోనే తలుపు మూశారు, 1917లో గీసిన నిషేధిత మండలంలో మన దేశమూ ఉంది. అంటే ‘చట్టప్రకారం’ అనే మాటలో తాత సుగుణం కంటే తాత పుట్టిన ఖండం పాలు ఎక్కువ.

ఇంకో చిన్న సంగతి. 1907లో వచ్చిన చట్టం తల్లిదండ్రులు వెంటలేని పదహారేళ్లలోపు పిల్లల్ని రానివ్వనక్కర్లేదంది. వీటో ఆరేళ్లు ఆలస్యంగా పుట్టి ఆరేళ్లు ఆలస్యంగా ఓడ ఎక్కివుంటే ఆ కిటికీ దగ్గరి నుంచే అతణ్ణి వెనక్కి పంపే వీలుండేది. ఇవాళ టెక్సస్ సరిహద్దులో ఒంటరిగా పట్టుబడే పిల్లలకూ అతనికీ ఉన్న దూరం ఆ కొద్ది ఏళ్లే.

కొప్పోలా సినిమా ఒక కుటుంబ పురాణాన్ని కూడా స్థిరపరిచింది. అధికారి చీటీ మీద ఊరి పేరును ఇంటిపేరనుకుని రాసేస్తాడు. వీటో ఆందోలీని అలా వీటో కోర్లియోనె అయిపోతాడు. అమెరికాలో లక్షల కుటుంబాలు ‘మా పేరు ఎల్లిస్ దీవిలో మార్చేశారు’ అని చెప్పుకుంటాయి. చరిత్రకారులు దీన్ని ఒప్పుకోరు. అక్కడి అధికారులు పేర్లు రాసేవారు కారు, ఓడ కంపెనీ బయల్దేరిన రేవులోనే తయారుచేసిన జాబితా చూసి టిక్కు పెట్టుకునేవారు. పేర్లు మార్చుకున్నది చాలావరకు వలస వచ్చినవాళ్లే, తర్వాతెప్పుడో, ఉద్యోగం కోసమో ఇరుగుపొరుగు వెక్కిరింపు తప్పించుకోడానికో. ఇంటిపేరు ముందో వెనకో తేలక వీసా కౌంటర్ల దగ్గర నానా తిప్పలు పడే తెలుగువాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. కానీ మనవడికి కావలసింది వేరే కథ. తాత మార్చుకున్నాడంటే తాతకు అవసరం ఉండింది. అధికారి మార్చాడంటే తాత అమాయకుడు. కుటుంబం అమాయకుణ్ణే ఎంచుకుంది. దారి గురించిన జ్ఞాపకమూ ఇలాగే వడకట్టుకుని వస్తుంది, అసలు చిక్కు అందులోనే ఉంది.

రెండు సినిమాలను కలిపి చూసినప్పుడు నాకు అన్నిటికన్నా వింతగా తోచింది ఒకటుంది. రాజమార్గంలో వచ్చిన వీటో హంతకుడవుతాడు, నేర సామ్రాజ్యం కడతాడు. తూములో వచ్చిన ఎన్రికే హోటల్లో గిన్నెలు ఎత్తుతాడు, సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు వెళతాడు. చెల్లెలు దొరసాని ఇంట్లో బట్టలుతుకుతుంది, మీటలు అర్థంకాని వాషింగ్ మెషీన్‌ను పక్కనపెట్టి చేత్తోనే ఉతికి పచ్చిక మీద ఆరేస్తుంది. ‘చట్టప్రకారం వచ్చినవాడు చట్టానికి కట్టుబడతాడు, చట్టాన్ని మీరి వచ్చినవాడు రేపు మరొకటి మీరతాడు’ అనే వాదనకు ఈ రెండు సినిమాలూ నేరుగా ఎదురు. కల్పిత కథలతో సమాజం గురించి రుజువు చెయ్యలేం, నిజమే. అయినా ప్రేక్షకుడి తీరు గమనించండి. వీటో కత్తి తీసి ముసలి మాఫియావాడి పొట్ట చీలుస్తుంటే హాలంతా అతని వైపే ఉంటుంది. అతను అమెరికాకు రావడం తప్పని ఎవరికీ అనిపించదు. మనవడికి నేరస్థుడైన తాత కూడా తాతే.

ఎన్రికేకు ఆ వెసులుబాటు లేదు. నావా ఇద్దర్నీ కడిగిన ముత్యాల్లా పెట్టాడు. ఎన్రికే ఊళ్లో ఒక సైనికుణ్ణి చంపుతాడు గానీ అది మీద పడ్డవాడి నుంచి ప్రాణం కాచుకునే పెనుగులాట. అమెరికాలో అడుగుపెట్టాక అన్నాచెల్లెళ్లు ఒక్క చెడ్డ పని చెయ్యరు, ఒకరి మీద ఒకరు కసురుకోను కూడా కసురుకోరు. చేసినట్టు కనిపించే తప్పు ఒకటే. షికాగోలో కాగితాలతో సహా ఉద్యోగం ఇస్తామంటే జబ్బుపడ్డ చెల్లెల్ని వదిలి వెళ్లాలా అని కాసేపు ఊగిసలాడతాడు. ఆ ఊగిసలాటకే నావా అతణ్ణి కుమిలిపోయేలా చేస్తాడు. రోసా పోతుంది, విమానం పోతుంది, రోజుకూలీల గుంపులో ‘నన్ను తీసుకోండి, నా చేతులు బలమైనవి’ అని అరిచే చోటికి వస్తాడు. పేదవాడు ఉన్నవాళ్ల కంటికి రెండు చేతులుగా తప్ప మనిషిగా కనపడడని తండ్రి ఒకనాడు చెప్పివున్నాడు.

ఆ ముగింపు బలమైనదే, కాదనను. అయినా సినిమాగా ‘ఎల్ నోర్తే’కు ఉన్న లోపం ఈ శుద్ధత్వమే. తూములోంచి వచ్చినవాడు మన జాలి పొందాలంటే దేవుడిలా ఉండాలని, ఆఖరికి చచ్చిపోవాలని ఆ సినిమా ఒప్పేసుకుంది. కొప్పోలా ఎవరి జాలీ అడగలేదు, అందుకే అతని మనుషులు నిండుగా ఉన్నారు. వలసను గురించి ఎక్కువ మాట్లాడింది నావా అయినా, ఎక్కువ నిజం చెప్పింది కొప్పోలా అని నా తీర్పు. ప్రభుత్వాలూ నావా ప్రేక్షకుడి మాదిరే ఆలోచిస్తాయి. శరణు కోరేవాడు తన కష్టాన్ని మచ్చలేకుండా నిరూపించుకోవాలి. నిరూపించినా ఆ రోజుల్లో దక్కింది ఏమీ లేదు. 1984లో గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ పౌరుల శరణు దరఖాస్తుల్లో నూటికి మూడు కూడా మంజూరు కాలేదు. వాళ్లను తరిమిన సైన్యాల వెనక వాషింగ్టన్ సాయం ఉండటం ఇందుకొక కారణం. కోర్టులో దావా పడి, 1991లో రాజీ కుదిరాక గానీ వాళ్ల దరఖాస్తుల్ని మళ్లీ విప్పలేదు.

రెండు సినిమాల్లోనూ గుమ్మం లోపలివైపు నిలబడి మాట్లాడే పాత్ర ఒకటుంది. కొప్పోలా సినిమాలో అతను నెవాడా సెనేటర్ గేరీ. అందరి ముందు కోర్లియోనె కుటుంబాన్ని పొగుడుతాడు, పేరు కూడా సరిగ్గా పలకలేడు. తలుపు మూశాక వీటో కొడుకు మైకేల్‌తో, నూనె జుట్టుతో, పట్టు సూట్లు వేసుకుని మర్యాదస్తుల్లా నటించే మీరంటే నాకు అసహ్యమని మొహం మీదే అంటాడు. గేరీని పోల్చుకోవడం తేలిక. నావా సినిమాలోని కార్లోస్ అలా కాదు. అతను అమెరికాలో పుట్టిన మెక్సికన్ సంతతివాడు, పౌరుడు. ఎన్రికేతో పాటే హోటల్లో గిన్నెలు ఎత్తుతాడు. తనకు రావలసిన మంచి పని ఎన్రికేకు ఇచ్చారన్న కడుపుమంటతో వలసశాఖకు ఫోన్ చేస్తాడు. పోలీసులొస్తారు, ఎన్రికే పెరటి దారిన పారిపోతాడు.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య’ అని కార్లోస్‌ను తిట్టడం సులువు. సామెత ఇక్కడ పూర్తిగా అతకదు. ఏరు దాటింది అతని తల్లిదండ్రులో తాతలో, అతను కాదు. అతను పుట్టింది ఈ ఒడ్డునే, ఈ ఒడ్డున అతనికి దక్కింది గిన్నెలెత్తే పని. కాగితాలున్నా గతి ఇంతే అయినప్పుడు, కాగితాలు లేనివాడు వచ్చి తక్కువ కూలికి, ఎక్కువ వినయంతో పోటీపడితే మండదా? ఈ మంట కల్పితం కాదు. కాలిఫోర్నియా పొలాల కూలీల నాయకుడు సేసర్ చావెజ్ మెక్సికో నుంచి వచ్చినవాళ్ల మనవడు. సమ్మెలు విరిచేందుకు యజమానులు కాగితాల్లేని కూలీలను దింపుతున్నారని అతని సంఘం 1974లో వాళ్ల మీద పెద్ద ప్రచారమే నడిపింది, వలసశాఖకు సమాచారమూ ఇచ్చింది. తర్వాత కొన్నేళ్లకు అదే చావెజ్ క్రమబద్ధీకరణను సమర్థించాడు. తాత ఒక్కడే, మనవడి అభిప్రాయం మాత్రం కూలి రేటుతో పాటు మారింది. దీన్ని కపటం అనేవాళ్లు ఎప్పుడూ సమ్మెలో ఉండివుండరు. నావా మాత్రం కార్లోస్‌కు ఒక్క మంచి సన్నివేశం ఇవ్వలేదు. ఫోన్ చేయించి వదిలేశాడు.

మనవాళ్లలోనూ కార్లోస్‌లు ఉన్నారు. హెచ్1బీ మీద వెళ్లి, ఒక్కో దేశానికి ఏడు శాతం అన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు కోసం దశాబ్దాల క్యూలో చిక్కుకున్న తెలుగు ఇంజినీరు ‘మేం పన్నులు కట్టి, లాయర్లకు కట్టి ఎదురుచూస్తుంటే వాళ్లు గోడ దూకి వస్తారా’ అంటాడు. అతని కడుపుమంటకు అర్థం ఉంది. ఐతే ఎన్రికే లాంటివాడు నిలబడటానికి అలాంటి క్యూ దాదాపు లేదు. 1990 చట్టం నైపుణ్యం అక్కర్లేని పనులకు ప్రపంచం మొత్తానికి ఏడాదికి పదివేల గ్రీన్‌కార్డుల పరిమితి పెట్టింది, అదీ యజమాని ముందుకొచ్చి దరఖాస్తు చేస్తేనే. పైగా క్యూలోనే ఉన్నామనుకున్న మన పిల్లలు క్యూ బయట తేలిన సందర్భాలు మనకు తెలుసు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్నవాళ్లలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులోనూ చాలామంది తెలుగువాళ్లు దొరికారు. తరగతులే లేని కాలేజీ అని వాళ్లలో కొందరికి తెలిసే ఉంటుంది. అయినా మన ఇళ్లలో వాళ్లను అక్రమ వలసదారుల లెక్కలో వేసినవాళ్లు అరుదు. అప్పు చేసి పంపిన తండ్రిని తలచుకున్నాం, మోసం చేసిన దళారీని తిట్టాం. ఎన్రికే తండ్రి మనకు తెలియదు, అంతే తేడా.

తాతల దగ్గరికి మళ్లీ వెళితే, అందరు తాతలూ 1901లో రాలేదు. 1924 చట్టం దేశానికింతని కోటా పెట్టింది. అంతకుముందు కొన్ని ఏళ్లలో రెండు లక్షలు దాటి వచ్చిన ఇటాలియన్లకు ఏడాదికి 3,845 స్థానాలు మిగిలాయి. మరి మిగతావాళ్లు రావడం మానేశారా? కెనడా మీదుగా, క్యూబా మీదుగా, మెక్సికో మీదుగా దొంగతనంగా వచ్చారు. అంతకుముందే నమోదు లేకుండా వచ్చి ఉండిపోయినవాళ్లకోసం అమెరికా చేసిన ఏర్పాటు మనవళ్ల కథల్లో దాదాపు వినిపించదు. దొంగచాటుగా సరిహద్దు దాటడాన్ని నేరం చేసింది 1929లో. అదే ఏడాది వచ్చిన రిజిస్ట్రీ చట్టం, 1921 జూన్‌కు ముందు వచ్చి మంచి నడవడితో ఉంటున్నవాళ్లు 20 డాలర్లు కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చంది. చరిత్రకారిణి మే న్గాయ్ లెక్క ప్రకారం 1930–40 మధ్య అలా నమోదైనవాళ్లు 1,15,000 మంది, వాళ్లలో నూటికి ఎనభై మంది యూరప్, కెనడాల వాళ్లు. ఆ చట్టం ఇప్పటికీ బతికే ఉంది. గడువు తేదీని అప్పుడప్పుడు ముందుకు జరుపుతూ వచ్చారు. చివరిసారి జరిపింది 1986లో. అప్పుడు 1972 జనవరి 1 అని రాశారు, ఆ తర్వాత కదల్లేదు. సరిహద్దులు అక్కర్లేదని దీనివల్ల తేలదు. ఎంతమందిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంది, తాత వచ్చాడని మనవడు దాన్ని వదులుకోనక్కర్లేదు. అతను వదులుకోవాల్సింది ‘మావాళ్లకు ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు’ అన్న ఒక్క మాటే.

కార్లోస్‌కు నావా ఒక మంచి సన్నివేశం బాకీ పడ్డాడు. 1995లో అతను కొంత తీర్చాడు. ‘మై ఫ్యామిలీ’ అనే ఆ సినిమాకు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్ల జాబితాలో కొప్పోలా పేరుంది. లాస్ ఏంజెలెస్ తూర్పు పేటలో ఒక మెక్సికన్ కుటుంబం మూడు తరాల కథ అది. 1930ల మాంద్యంలో మెక్సికన్లను లక్షల సంఖ్యలో వెనక్కి తరిమినప్పుడు ఆ ఇంటి తల్లి మరియాను అమెరికా పౌరురాలై ఉండి కూడా, కడుపుతో ఉండగా, బజారులో పట్టుకుని రైలెక్కిస్తారు. ఆమె ఏళ్ల తర్వాత నడిచి, నది దాటి, ఇంటికి వస్తుంది. అంటే సొంత దేశంలోకి దొంగతనంగా వస్తుంది. ఆమె చిన్నకొడుకు జిమ్మీ ముత్యం కాదు. మొరటువాడు, జైలుకెళ్లి వచ్చినవాడు, ఎవరి కష్టమూ తనకు పట్టనివాడు. ఎల్ సాల్వడార్ నుంచి పారిపోయి వచ్చిన ఇసబెల్‌ను వెనక్కి పంపేస్తే చంపేస్తారు, పెళ్లి చేసుకుని కాగితాలిప్పించు అని అక్క పోరుతుంది. నాకేం సంబంధం అని జిమ్మీ తప్పించుకు తిరుగుతాడు. చివరికి విసుక్కుంటూనే కోర్టుకు వెళ్లి సంతకం పెడతాడు, పెట్టి ఆమెను అక్కడే వదిలేసి తన దారిన తాను పోతాడు. చట్టం కళ్లతో చూస్తే ఆ పెళ్లి నేరం. తర్వాత ఆ పిల్ల అతని ఇంటిముందు పాట పెట్టి నడివీధిలో అతనితో డాన్సు చేయిస్తుంది, పెళ్లి నిజమవుతుంది. నటన, వాతావరణం, హాస్యం అన్నిటా ఇది ‘ఎల్ నోర్తే’ కంటే నాకు మెరుగ్గా కనిపించింది, రెండో సగంలో కన్నీళ్లు కాస్త ఎక్కువైనా. తల్లికి జరిగినదాన్ని గుర్తుచేసి జిమ్మీ మనసు మార్చే దారిని నావా పట్టలేదు. అక్క పోరు పడలేక ఒప్పుకున్నాడన్నట్టే తీశాడు.